వణకని పాప

పాపను వెచ్చటి గాజుపెట్టెలోంచి మామూలు తొట్టిలోకి మార్చి గంటయింది. పక్కనే కూర్చున్న అమ్మమ్మ అప్పట్నుంచీ రెప్ప వాల్చలేదు. నర్సు రాగానే మనసులో గుబులు బయటపెట్టింది.

"గదిలో నాకే చలేస్తోందమ్మా. ఇదేమో వణకనైనా వణకట్లేదు. ఆ మాత్రం ఓపిక కూడా లేదా దీనికి?"

"పసిపిల్లలు మనలా వణకరు పిన్నిగారూ. మెడ వెనక, భుజాల మధ్య వాళ్లకి గోధుమరంగు కొవ్వుంటుంది. చలేస్తే అది ఖర్చయి వేడి పుట్టిస్తుంది."

"పుల్లలా ఉంది, దీనికెక్కడిది కొవ్వు?"

"పుట్టినప్పుడు సరిపడా లేదు. అది ఎక్కువగా పట్టేది కడుపులో చివరి నెలల్లోనే. ఈవిడగారికేమో తొందరెక్కువై రెండు నెలలు ముందే వచ్చేసింది. అందుకే ఇన్నాళ్లూ పెట్టెలో ఉంచాం."

"మా అమ్మాయి దిగులూ అదే. నిండా మోయలేకపోయాను, పాలు తప్ప ఏమిచ్చానని కుమిలిపోతోంది."

"ఆ పాలతోనే కదండీ ఒళ్లు చేసింది. ఆ కొవ్వూ పట్టింది."

నర్సు పాప చంకలోంచి థర్మామీటర్ తీసింది. అమ్మమ్మ ముందుకు వంగింది.

"ఎంతుంది?"

"ముప్ఫై ఆరు పాయింట్ ఎనిమిది సెల్సియస్, సరిగ్గా ఉంది. పెట్టెలో ఉన్నప్పుడూ ఇంతే. ఇక తన వేడి తనే చూసుకుంటోంది."

అమ్మమ్మ పాప కాళ్ల మీద దుప్పటి సర్దింది.

"వాళ్లమ్మ పక్కగదిలో పాలు తీస్తోంది. వెళ్లి చెప్పండి పిన్నిగారూ."

"నువ్వే చెప్పు తల్లీ. నేను వెళ్తే ముందు ఏడుపొచ్చేస్తుంది. అది చూసి మా అమ్మాయి ఏమైందోనని హడలిపోతుంది."