ఎడమచేతి ఫోర్కు

రెండో ప్రపంచయుద్ధంలో విమానంతో సహా జాడ తెలియకుండా పోయిన కొడుకు అమెరికాలో, అయోవాలోని ఇంటికి తిరిగొచ్చి, తొలిపూట భోజనానికి కూర్చున్నాడు. తల్లి కళ్లు అతని చేతి మీదే ఉన్నాయి.

"ఎడమ చేత్తో తింటున్నావేంట్రా? కుడి చేతికేమైనా అయిందా?"

"ఏం కాలేదమ్మా. ఫ్రాన్సులో నన్ను దాచిన ముసలావిడ నేర్పింది. మాంసం కోశాక మనలా ఫోర్కు కుడిచేతిలోకి మార్చుకుంటే, అమెరికావాడని జర్మన్లు ఇట్టే పట్టేస్తారట. మార్చినప్పుడల్లా గరిటెతో వేళ్ల మీద ఒక్కటిచ్చేది."

"బల్ల మీద మోచేతులు పెట్టకురా అని చిన్నప్పట్నుంచీ మొత్తుకున్నా. నా మాట ఎప్పుడైనా విన్నావా?"

"నువ్వు చెప్పేటప్పుడు ఎదురుగా జర్మన్ సిపాయి లేడుగా."

"అక్కడున్నాడా?"

"ఒక ఆదివారం భోజనానికి వచ్చి కూర్చున్నాడు. నేను తన మూగ మేనల్లుణ్ణని చెప్పిందావిడ."

"నువ్వు నోరు మూసుకుని కూర్చున్నావంటే నన్ను నమ్మమంటావా?"

"ప్రాణం మీదికొస్తే అన్నీ వస్తాయమ్మా. ఇంటికొచ్చేశాగా, ఇక మనలాగే తింటాలే."

"మార్చావంటే చూడు. గరిటె నా దగ్గరా ఉంది."

ఆమె తన ఫోర్కును ఎడమచేతిలోకి తీసుకుంది. బఠాణీలన్నీ ఒళ్లోకి దొర్లాయి.

"మళ్లీ చూపించు నాయనా. ఆవిడ ఎలా పట్టుకోమంది?"