నాలుగు గోళ్ల గుంటలు

“జూన్ తొమ్మిది. రొట్టె, ఉడికించిన గుడ్లు తిని బయల్దేరాం. నువ్వు మొదటిసారి ఈ కారు నడిపిన రోజు.”

తండ్రి మాటలకు, షెడ్డులో పాత కారు సీట్ల, తలుపుల తోలు పగుళ్లను పుట్టీతో పూడుస్తున్న కూతురు నవ్వింది.

“అమ్మ పక్కన కూర్చుని, ‘భయం లేదు, పోనివ్వవే’ అంది కదా నాన్నా!”

“నోటితో అంది. చేత్తో మాత్రం తలుపు లోపలి తోలును గట్టిగా పట్టుకుంది. ఆ నాలుగు గోళ్ల గుంటలూ ఇంకా ఉన్నాయి. మీ అమ్మ పోయాక ఇందులో మిగిలినవి అవే. వాటి జోలికి వెళ్లకమ్మా.”

“అయ్యో! చిరుగులనుకుని ఇందాకే పుట్టీ పెట్టేశాను.”

తండ్రి గబుక్కున దగ్గరికొచ్చాడు. “ఆరిపోయిందా?”

“ఉండు, చూడనీ... ముసురు కదా, ఇంకా మెత్తగానే ఉంది.”

“మెల్లగా తల్లీ!”

ఆమె వేళ్లతోనే పుట్టీని గీకి తీసింది. “నాన్నా, నా గోళ్లు సరిగ్గా ఆ గుంటల్లోనే పడుతున్నాయి.”

తండ్రి ఆ గుంటల్లో ఉన్న ఆమె వేళ్లను చూశాడు. ఆమె చెయ్యి తీశాక, కారు తలుపు చప్పుడు కాకుండా మూశాడు.