సబ్బు కాగితంల మట్టి

"అవ్వా, నువ్వు పడుసుతనంల సబ్బుల ఫ్యాక్టరీల పని చేసినవట గదా. గది ఎట్ల మూతవడ్డది?"

ఎవరు చెప్పిండ్రు నీకు, మీ నాయిననా? ఆనికి గుడ సగమే ఎరుక. ఆ ఫోను జర దగ్గరికి పెట్టు బిడ్డ, నా గొంతు ఇప్పుడు గోడ దాకనే పోతున్నది. చెప్త గని, నడుమల తొవ్వ తప్పుత. మళ్లేసుకో.

ఫ్యాక్టరీ అననేలే అప్పుడు. కంపిని అంటుండె. మొయినాబాద్ దాటి చేవెళ్ల దిక్కు పోతుంటె ఎడమకు రేకుల షెడ్డు. షెడ్డంటె నువ్విప్పుడు చూసే అసుంటిది గాదు, నాలుగు దిక్కుల మట్టి గోడ, మీద రేకులు. జర్మనోళ్లతోని లడాయి నడుస్తుండె, సీమ సబ్బులు వస్తలేవు. గందుకు పట్నంకెల్లి ఒకాయిన వచ్చి పెట్టిండు. పేరెందుకులే, చచ్చిపోయినోళ్లది. మేమంత డైరెక్టర్ సాబ్ అంటుంటిమి. తెల్లటి కోటు, నల్లటి మోటరు. ఆ మోటరు దిగి మా ముసలోళ్లకు గుడ దండం పెడుతుండె. "ఇది నా కంపిని గాదు, మీ అందరిది" అంటుండె. ఎట్ల నమ్మకుంటం చెప్పు.

నాకు పదహారో పదిహేడో. దినానికి నాలుగణాలు. నాలుగణాలంటె ఏమనుకున్నవ్, జొన్నలు... జొన్నలు ఎట్లుండెనో యాదికొస్తలేదు, గని ఇంటికి పోంగ బెల్లం, చాపత్త పట్టుకపోతుంటి. మా అమ్మ ఆ బెల్లం వాసన చూసి నవ్వుతుండె. అప్పటిదాక దొర పొలంల కూలికి పోతె గింజలే గద ఇచ్చేది. చేతిల సిక్క పైసలు పడుడు గదే మొదలు.

నా పని కాగితం చుట్టుడు. పచ్చటి కాగితం, మీద మల్లెపువ్వు బొమ్మ. చుట్టి, మడిచి, బంక పెట్టి పెట్టెల పెట్టాలె. పన్నెండు మంది ఆడోళ్లం. పాటలు పాడుకుంట చుడుతుంటిమి. మేం క్రిస్టియానోళ్లం దేవుని పాటలు పాడితె తక్కినోళ్లు బతుకమ్మ పాటలు, కలిపి పాడుతుంటిమి, ఏ పాట ఎవరిదో గుడ తెలవకపోతుండె. ఇంటికి పోయినంక గుడ చేతులకు ఆ వాసన ఉంటుండె. అన్నంల గుడ గదే వాసన.

సబ్బు వండేటాయిన గఫూర్ సాబ్. ఉస్తాద్ అంటుంటిమి. ఎండుకట్టె అసుంటి మనిషి, తెల్ల గడ్డం. వికారాబాద్ అడివికెల్లి ఇప్పనూనె వస్తుండె, ఆముదం కలిపి పెద్ద గంగాళంల మరిగిస్తుండె. చెంచతోని జర తీసి చల్లార్చి, నాలిక కొసకు పెట్టుకొని చూస్తుండె. నాలిక మండితె ఇంక వండాలె. కోసినంక నలభై దినాలు చెక్కల మీద ఎండాలె. ఎండినంక గని కట్టె ముద్ర గుద్దడు. ఆ ముద్ర ఆయిన చేతిలనే ఉంటుండె. నన్ను పిలిచి, "రూతి బేటీ, దీని వాసన చూడు, దాని వాసన చూడు, ఫరక్ చెప్పు" అంటుండె. నేను చెప్తె మురుస్తుండె. నా అసుంటి దాన్ని పిలిచి నేర్పిన మనిషి అంతకు ముందు లేడు బిడ్డ, తర్వాత గుడ లేడు.

ఏడాదిన్నర మంచిగ నడిచింది. ఇగ డైరెక్టర్ సాబ్ తొందరవెట్టిండు. నలభై దినాలు ఎందుకు, వారం చాలు అన్నడు. నూనె తక్కువ చేసి సుద్ద కలుపుమన్నడు. ఉస్తాద్ వద్దంటె వేరేటోళ్లతోని కలిపిచ్చిండు. ఆ సబ్బు తోముకుంటె చేతులు మంట, నీళ్లల పెడితె పగులుడు. పట్నంకెల్లి పెట్టెలకు పెట్టెలు వాపస్ వచ్చినయి. మాకు జీతం అందకుంటనే రెండు నెలలు పోయింది. ఆయినేమో మోటరు కొత్తది కొన్నడు.

అగొ అప్పుడు ఊర్లల షేర్లు అమ్ముత అన్నడు. షేరంటె కంపినిల హిస్సా, వాటా. ముందుగల్ల కొనేటోళ్లు వచ్చి గోదాము చూస్తరు అన్నడు. గోదాముల ఏమున్నది, ఖాళీ.

ఒక ఐతారం నాడు మమ్ముల రమ్మన్నడు. గుడికి పోయే దినం. అర్జంటు పని ఉన్నదట అని మా బాపుకు చెప్పి పోయిన. పోతె షెడ్డుల సబ్బులసుంటియే కుప్ప ఉన్నయి. ముట్టుకుంటె మట్టి. అచ్చులల్ల పోసి ఎండవెట్టిన ఎర్రమట్టి. వాటికి కాగితం చుట్టాలెనట. పెట్టె మీది వరుస ఒక్కటి నిజం సబ్బు, కింద అంత మట్టి. "నాలుగు దినాలకు ఆడర్లు వస్తయి, అసలు సరుకు నింపుదం. మీ జీతాలు గుడ అప్పుడే" అన్నడు. మెత్తగనే అన్నడు, ఒర్రలే.

ఉస్తాద్‌ను మీది వరుసకు ముద్ర గుద్దుమన్నడు. ఆయిన ముద్రను అంగీకి తుడిచి జేబుల పెట్టుకున్నడు. "ఇది నా చేతిది సాబ్, మీకియ్య" అన్నడు. గంతే. చెప్పులేసుకొని బయటికి నడిచిండు. పోతపోత మా దిక్కు చూసిండు. ఒక్కరన్న లేస్తమేమో అనుకున్నడో ఏమో. మేం లేవలే. నేను ఆ దినం ఎన్ని చుట్టిననో. నా చుట్టుడే అందరికంటె మంచిగున్నదని డైరెక్టర్ సాబ్ మెచ్చుకున్నడు గుడ.

మూడు దినాలకు ఊరోళ్లు వచ్చిండ్రు. పది పన్నెండు మంది, ముందల మా బాపు. బాపు చర్చిల సంగపెద్ద గద, ఆయిన మాట అంటె మా వాడ అంత ఇనేది. డైరెక్టర్ సాబ్ ఒక పెట్టె తెరిచి మీది సబ్బు తీసి బాపు చేతిల పెట్టిండు. "మీ బిడ్డె చుట్టింది, అడుగుండ్రి" అన్నడు.

బాపు వాసన చూసిండు. నన్ను చూసి, "రూతీ, మంచిదేనా బిడ్డా?" అన్నడు.

నేను నేల దిక్కు చూసి, "మంచిదే బాపు" అన్న.

నీళ్లు ఇయ్యి జర... ఊఁ.

బాపు కోడెల జత అమ్మి షేరు కొన్నడు. ఎర్రటి కోడెలు, సొంతంగ పెంచినయి.

రెండు నెలలు గాలే. బేగంబజార్ సేటు ఒకాయిన వంద పెట్టెలు కొని విప్పి చూసిండట. అమీన్‌ను తోలుకొని వచ్చిండు. అమీన్ అంటె పోలీసాయిన. మా ముందలనే పెట్టెలు పగలగొట్టిండ్రు. అన్నిట్ల మట్టే. డైరెక్టర్ సాబ్ అంతకు ముందు దినమే మోటరెక్కి పోయిండు. బొంబయి పోయిండని కొందరు, పట్నంలనే ఉన్నడని కొందరు. దొరకలే. షెడ్డుకు సీలు వేసిండ్రు. చుట్టుముట్టు ఊర్లల ఎంతమంది మునిగిండ్రో. శంకర్‌పల్లి దిక్కు ఒక ముసలమ్మ కడియాలు అమ్మి కొన్నదట, ఆమె వచ్చి షెడ్డు ముందల కూసున్నది. నేను ఆమె దగ్గరికి పోలేకపోయిన.

ఆ ఏడు బాపు దున్నుటానికి ఎడ్లు కిరాయికి తెచ్చిండు. అందరివి అయినంక గద మనకిచ్చేది, అదును దాటింది, జొన్న పలచగ వచ్చింది. నేను కూలికి పోయిన.

గని ఒక సంగతి. మా ఊర్ల మా ఇల్లే మునిగింది, వచ్చినోళ్లల్ల ఇంకొకరు గుడ కొనలే. ఎందుకో తెల్వకపోతుండె. ఒకనాడు బాయికాడ పక్కింటి ఆమె చెప్పింది. ఆ దినం ఇంటికి మళ్లంగనే బాపు అందరిని ఆపి, "మీరు జర ఆగుండ్రి, నేను కొన్నంక చూసి కొనుండ్రి" అన్నడట.

నేను చేన్లకు పోయి అడిగిన. బాపు కలుపు తీస్తుండె. "నీకు తెలిసెనా బాపు?" అన్న.

"నువ్వు నా మొఖం చూడలే గద" అన్నడు.

"మరి ఎందుకు కొన్నవ్?"

తీసే చెయ్యి ఆపలే. "నలుగుట్ల మంచిదే అన్నవ్. నేను కొనకపోతె, కన్న తండ్రే నిన్ను అబద్ధాలకోరును చేసినట్టు అయితుండె. వాళ్ల పైసలు పోవద్దు గద, గందుకు వాళ్లను ఆపిన. నావి పోతె పోయినయి." ఇంకో మొక్క పీకి, "ఇంటికొచ్చినంక చెప్తవేమో అని చూసిన" అన్నడు. గంతే అన్నడు.

నేను ఆ సాలుల కూసొని ఏడ్చిన. బాపు నా సాలు గుడ తనే తీసిండు.

తర్వాత గఫూర్ సాబ్ జాడ అడుక్కుంట బాపు జన్వాడ దాక పోయి తోలుకొచ్చిండు. మా వాకిట్లనే చిన్న గంగాళం పెట్టిండ్రు. ఆ చలికాలం అంత ముగ్గురం సబ్బు వండినం. బాపు కట్టెతోని కలుపుతుండె, ఉస్తాద్ నాలికకు పెట్టుకొని చూస్తుండె, నేను కోస్తుంటి. కాగితం చుట్టలే, ఉత్తగనే అమ్మినం, చేవెళ్ల అంగట్ల, శంకర్‌పల్లి టేషన్ కాడ. కోడెలు రాలేదనుకో. ఒక బర్రె వచ్చింది. పొగల కండ్లు మండుకుంట ఆ ఇద్దరు ముసలోళ్లు ఒకరినొకరు ఎక్కిరిచ్చుకుంటుంటె... ఆ వాకిలి, ఆ పొద్దు, మళ్ల ఒక్కపారి దొరికితె చాలనిపిస్తది బిడ్డ. ఇంక ఏది ఒద్దు నాకు.

పోలీసు యాక్షన్ గడబిడ దినాలు వచ్చినంక ఉస్తాద్ బీదర్ దిక్కు బిడ్డ దగ్గరికి పోయిండు. ఉత్తరం రాయిపిస్త అన్నడు. చానొద్దులు చూసినం, రాలే. బాపు గుడ ఎక్కువ కాలం లేడు.

నువ్వు గుడ ఇప్పుడు గండిపేట దిక్కు కంపినికే పోతున్నవ్ గద. మంచిది. పొద్దుగాల ఎంత తేలికగ పోతవో, మాపటికి గంత తేలికగ ఇంటికి రావాలె బిడ్డ. తిన్నది అరగాలె, పండుకుంటె నిద్ర పట్టాలె. గంతకంటె నేనేం అడగ దేవుని.

ఇగ బంద్ చెయ్యి ఆ ఫోను. చెయ్యకున్నా మంచిదే, జరసేపు కూసో.