గడప వరకే

కరోనా కాలంలో అమెరికాలో, బాల్టిమోర్‌లోని ఒక నల్లజాతి పేట నాటకశాలకు తాళం పడ్డాక, నాటకాలు కంప్యూటర్ తెర మీదికొచ్చాయి. ప్రదర్శనకు ముందు దర్శకురాలు వెర్లీన్, తెరలో కనబడుతున్న పిల్లకు చివరి రంగం చెబుతోంది.

"పాట అవగానే మీ ఇంటి తలుపు తీసి వీధిలోకి వెళ్ళిపోవాలి తల్లీ. నాటకమంతా ఆ నడకలోనే ఉంది."

"గడప దాటలేను, మిస్ వెర్లీన్."

"భయమా? నిరసన ఊరేగింపులో పోలీసులకెదురుగా మైకు పట్టుకున్నదానివి."

"అందుకేగా కాలికి ఇది తగిలించారు. విచారణ అయ్యేదాకా ఇల్లు కదలకూడదు. మెట్టు దిగితే ఇది కూస్తుంది, వాళ్ళొస్తారు."

కెమెరా కిందికి వంగింది. చీలమండకు కోర్టు తగిలించిన నల్లటి నిఘా పట్టీ. ఇన్నాళ్ళూ వెర్లీన్ ఆ పిల్లను నడుము నుంచి పైకే చూసింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే వేషం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారని."

"ఇవ్వను. తలుపు తీసి గడపలో నిలబడు, చాలు."

"ఎంతసేపు?"

"చూసేవాళ్ళంతా వెళ్ళిపోయేదాకా."

"వాళ్ళకేం, ఒక్క మీట నొక్కి బయటపడతారు. ఆ తర్వాత మీరూ."

వెర్లీన్ వేలు ఆ మీట మీదే ఉంది. మెల్లగా తీసేసింది.

"నేనెక్కడికీ పోను. తలుపు తియ్యి తల్లీ, గాలన్నా లోపలికొస్తుంది."