ఉయ్యాలలో మిగిలిన గొంతు

నా పేరు, చిరునామా పైన రాసుకున్నారు. వయసు ఇరవై నాలుగు. ఆసుపత్రిలో పసిపిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. మా వార్డులోని ఒక పాప ఉయ్యాలను వాళ్ళ అమ్మమ్మగారు కావాలనే పాడుచేశారని ఆ పాప నాన్నగారు మీ స్టేషనులో ఫిర్యాదు ఇచ్చారు. నేను కళ్ళారా చూసింది చెబుతున్నాను.

మా వార్డులో ఉన్నవి కరెంటు ఉయ్యాలలు. బిడ్డ ఏడిస్తే వాటంతట అవే ఊగుతాయి. తల్లి మాటలు రికార్డు చేసి పెడితే అవి కూడా వినిపిస్తాయి. బిడ్డను ఇంటికి పంపాక మేము ప్లగ్గు పీకేస్తాం. దాంతో పాత గొంతు చెరిగిపోతుంది. ఈ సంగతి బయటివాళ్ళకు చెప్పే అలవాటు మాకు లేదు.

సోమవారం ఉదయం పాప తల్లికి రక్తం ఆగక మళ్ళీ ఆపరేషను చెయ్యాలన్నారు. వెళ్ళేముందు ఆవిడ గొంతు నేనే రికార్డు చేశాను.

"నాది కాకి గొంతు చెల్లీ, పిల్ల దడుచుకుంటుందేమో" అన్నారు.

"నేను అలవాటు పడలేదా, అదీ పడుతుందిలే" అన్నారు భర్త.

ఆవిడకు నవ్వొచ్చింది. కుట్ల నొప్పికి పొట్ట పట్టుకుని, "ఎవరు కొట్టారమ్మా నిన్ను? చెప్పు, వాళ్ళ పని చెబుతాను" అన్నారు. చివర్లో ఆవిడ నవ్వు కూడా రికార్డులో పడింది. ఇంకోసారి చేద్దామా అని అడిగాను. వచ్చాక చూద్దాంలే అన్నారు.

ఆవిడ ఆపరేషను గదిలోనే పోయారు.

మంగళవారం నుంచి నాన్నగారు ఉయ్యాల పక్కనే కూర్చున్నారు. పాప ఏడిస్తే ఎత్తుకునేవారు కాదు. నేను దగ్గరికి వెళ్తే, "ఆగండి సిస్టర్, మాట్లాడుతోంది" అనేవారు.

గురువారం ఉదయం పది గంటలకు పాప ఆకలికి ఏడ్చింది. పాలసీసా ఆయన చేతిలోనే ఉంది. నేను ఎదురు మంచం దగ్గర ఉన్నాను.

"పాలు పట్టు బాబూ" అన్నారు అమ్మమ్మగారు.

"ఒక్కసారి విననివ్వండి అత్తయ్యా."

"ఇందాకటి నుంచీ ఒక్కసారే అంటున్నావు. పిల్ల గొంతు ఎండిపోతోంది."

ఆయన కదల్లేదు. ఆవిడ వంగి ప్లగ్గు పీకి, పాపను ఎత్తుకున్నారు. ఆయన సీసా పక్కన పెట్టి, ప్లగ్గు మళ్ళీ పెట్టారు. పాప ఏడుపుకు ఖాళీ ఉయ్యాల ఊగింది. మాట రాలేదు. ఇక రాదా అని నన్ను అడిగారు. రాదని చెప్పాను. ఆయన అటునుంచి అటే మీ దగ్గరికి వచ్చారు.

అమ్మమ్మగారు సీసా పట్టుకుని, "నా కూతురి గొంతు నేనే చెరిపానా తల్లీ?" అన్నారు. ప్లగ్గు తీస్తే గొంతు పోతుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆయన కానిస్టేబులుగారితో తిరిగి వచ్చేసరికి ఆవిడ పాపను భుజాన వేసుకుని వీపు తడుతున్నారు. పాప ఏడుస్తోంది. "ఎవరు కొట్టారమ్మా నిన్ను? చెప్పు, వాళ్ళ పని చెబుతాను" అంటున్నారు. అదే మాట, అదే సాగదీత. కూతురు నేర్చుకున్నది ఈవిడ దగ్గరే.

నాన్నగారు గుమ్మంలోనే నేల మీద కూలబడ్డారు. "అత్తయ్యా, ఇంకోసారి అనండి" అన్నారు.

ఆవిడ పాపను ఇంకో భుజానికి మార్చుకున్నారు. పాప మాత్రం ఏడుస్తూనే ఉంది.

ఉయ్యాల చెడిపోలేదు. ఇప్పుడు అందులో వేరే బిడ్డ ఉంది.

నేను చెప్పింది చెప్పినట్టే రాశారు. ఎవరిచేతా చదివించుకోకుండా నేనే చదువుకున్నాను. ఇందులో అబద్ధం లేదు.

(సంతకం)