ఎత్తక్క దాచిన మైకు

అధ్యక్షులు పెద్ద డాక్టరుగారికి, ఇవాళ్టితో మా చేతుల్లోంచి తప్పించుకుపోతున్న హెడ్ నర్సు అక్కకి, పెద్దలకి, డ్యూటీ ఎగ్గొట్టి వచ్చిన స్నేహితులకి నమస్కారం.

మైకు పాడైందనుకుంటున్నారు. పాడవలేదు. అక్క హ్యాండ్‌బ్యాగులో ఉంది. (నవ్వులు)

ఆగిన గుండెను నడిపించడం నేర్పే శిక్షణ గది అక్కది. ఆవిడ తర్వాత అది నాకివ్వమన్నాను. "నీ గొంతు ఆ ప్లాస్టిక్ బొమ్మకే వినపడదు, మనుషులకేం వినపడుతుందే? నా వీడ్కోలు సభలో మైకు లేకుండా మాట్లాడు. చివరి వరుసలో మన వార్డు ఆయమ్మ వినపడిందని చెయ్యెత్తితే గది తాళంచెవి నీది" అన్నారు. ఆయమ్మా, దయచేసి నిద్రపోకండి.

నేను కాన్వెంటులో మెల్లగా మాట్లాడినందుకు బహుమతి తెచ్చుకున్నదాన్ని. అక్కేమో, చాటుగా మేమంతా 'ఎత్తక్క' అని పిలుచుకునే మనిషి. (అలా చూడకండక్కా, పేరు పెట్టింది నేను కాదు.) ఛాతీ నొక్కడం ఎవరైనా నొక్కుతారు, నొక్కిన ప్రతిసారీ చేతి బరువు పూర్తిగా తీసేస్తేనే ఛాతీ మళ్లీ పైకి లేచి, గుండెలోకి రక్తం తిరిగొచ్చి నిండుతుంది, నిండితేనే తర్వాతి నొక్కుకి మెదడు దాకా వెళుతుంది. బరువు మోపి ఉంచామా, ఖాళీ గుండెను పిసుకుతున్నట్టే. అందుకే ఆవిడ పక్కనే నిలబడి "ఎత్తు! ఎత్తు!" అని అరుస్తారు.

పోయిన ఏడాది ఇదే హాల్లో అధ్యక్షులవారు ఉపన్యాసం మధ్యలో ఆగారు. ఆలోచిస్తున్నారనుకున్నాం. (నవ్వులు) కుప్పకూలాక తెలిసింది. ముందు దూకింది వారి అల్లుడు, మన ఎముకల డాక్టరుగారు. కంగారులో మీద వాలిపోయి నొక్కుతుంటే అక్క కేకేశారు: "బాబూ, మామగారి మీద ఆనుకున్నది చాలు, ఎత్తండి!" గుండెకి షాకిచ్చే మిషను వచ్చేదాకా అల్లుడుగారిని ఆగనివ్వలేదు, ఆనుకోనివ్వలేదు.

ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు మామగారే నవ్వుతున్నారు కాబట్టి మనమూ నవ్వచ్చు.

కానీ అక్కా, ఆ రోజు గోడకి అతుక్కుని నిలబడి నేననుకున్నది ఒక్కటే: ఈవిడ లేని రోజున ఎవరు అరుస్తారు? మీరు రిటైరైనా గుండెలు ఆగడం మానవు కదా. అందుకే ఆ గది అడిగాను.

(ఆగి, వెనక్కి చూసి) ఆయమ్మ చేతులు కట్టుకునే కూర్చున్నారు. అక్క ముసిముసిగా నవ్వుతున్నారు.

ఆయమ్మా! ఎత్తు!

(చివరి వరుసలో చెయ్యి లేచింది. ముందు వరుసలో అల్లుడుగారి రెండు చేతులూ లేచాయి.)

తాళంచెవి ఇటివ్వండక్కా. మైకు మీరే ఉంచుకోండి. ఓపిగ్గా విన్నవాళ్లకి, ఉలిక్కిపడి లేచినవాళ్లకి కృతజ్ఞతలు. సెలవు.