చూద్దాం అంటే

శిఖరాగ్ర సమావేశం ఆఖరి మధ్యాహ్నం. విలేకరుల గదిలో ఒక మూల బల్ల దగ్గర, పత్రికలో కాలమ్ రాసే పెద్దాయన, ఆయన మరదలు. ఆమె ఈ సమావేశంలో మన అధ్యక్షుడికి దుబాసీ.

“ఎంతవరకు వచ్చింది బావా?”

“ఎంతవరకు రావాలో అంతవరకు.”

“మొదటి నాలుగు ముక్కలు వినిపించండి.”

“రేపు పేపర్లో చదువుకో.”

“రేపటిదాకా ఆగలేను.”

“నా రాతల మీద నీకెప్పట్నుంచి ఇంత మోజు? నా కాలమ్ ఉన్న పేజీలు తెచ్చి అల్మారా అరల్లో పరుస్తావు. చూళ్లేదనుకున్నావా?”

“పరిచినా బోర్లా పరచలేదు. మీ ఫోటో పైకే ఉంటుంది. చదవండి బావా.”

“సరే విను. ‘మన అధ్యక్షుడి విదేశాంగ విధానం ఒక్క మాటతో తేలిపోయింది. వంతెన తెరుద్దామా అని ఏటవతలి అధ్యక్షుడు అడిగాడు. మనాయన బేరమాడలేదు. పక్కనున్న మంత్రి మొహమైనా చూడలేదు. సరే అనేశాడు.’”

“సరే అన్నారని మీకెవరు చెప్పారు?”

“ఎవరు చెప్పేదేమిటి? అవతలాయన లేచొచ్చి కావిలించుకున్నాడుగా. పొద్దున్నే గేట్లెత్తేశారుగా.”

“ఆయన మన భాషలో అన్న మాట మీ చెవిన పడిందా అని.”

“ఎలా పడుతుంది? తలుపులేసుకుని కూర్చున్నారు. విలేకరులకి ఈ టీవీలో చూపించినా, వినిపించింది అనువాదమే. నీ గొంతే విన్నాం.”

“అదే. నా గొంతు.”

“అంటే?”

“ఏం లేదు. టీ చల్లారిపోతుంది, తాగండి.”

“తెప్పించని టీ ఎలా చల్లారుతుంది? కూర్చో. ఆయన ఏమన్నాడు?”

“ఏమంటారు, అన్నదే అన్నారు.”

“ఏమన్నాడే?”

“చూద్దాం అన్నారు.”

“చూద్దాం అంటే కాదని కదా. కుర్చీలో ఉన్నవాడు చూద్దాం అన్నాడంటే ఇక దాని మొహం చూడడని. పసిపిల్లకి కూడా తెలుసు.”

“బయట అంతేనేమో. మనింట్లో కాదుగా.”

“మనిల్లేమిటి మధ్యలో?”

“అమ్మ పోయాక మీ దగ్గరే పెరిగాను. ఆ మాట నేను నేర్చుకున్నది మీ వంటింటి గుమ్మంలో. అక్క కుట్టుమిషను కావాలంది. మీరు చూద్దాం అన్నారు. సాయంత్రానికి మిషను దిగింది. నన్ను భాషల కాలేజీలో వేద్దామంది. చూద్దాం అన్నారు. మర్నాడే నాకు జడవేసి తీసుకుపోయింది. ముందుగదికి పచ్చరంగు అంటే...”

“ఆ పచ్చరంగుకి నేను ఒప్పుకోలేదు.”

“చూద్దాం అన్నారు.”

“అంటే ఒప్పుకోలేదనే.”

“ఆ సంగతి అక్కకి ఎప్పుడైనా చెప్పారా?”

“చెబుదామనుకునేలోపు రెండో పూత అయిపోయింది.”

“చూశారా మరి. నిన్న అవతలాయన వంతెన మాట ఎత్తగానే మనాయన కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం గోక్కుంటూ, అచ్చం మీలాగే, చూద్దాం అన్నారు. నా నోట్లోంచి సరే అని వచ్చేసింది. ఆలోచించి అన్నది కాదు బావా. ఆ గడ్డం చూసి అనేశాను.”

“ఇంత పని చేసి టీ తాగమంటావా? పైగా నవ్వొకటి.”

“నవ్వట్లేదు. భయమేస్తే నా మొహం ఇలాగే ఉంటుంది.”

“ఆయనకి తెలుసా?”

“బయటికి రాగానే పక్కకి పిలిచారు. నేనేమన్నానమ్మా అన్నారు. చూద్దాం అన్నారండీ అన్నాను. వాళ్లకేం చెప్పావన్నారు. సరే అని చెప్పానండీ అన్నాను. మొహం కందగడ్డ అయిపోయింది. ఈలోపు ఫోటోలవాళ్లు, పూలగుత్తులు, అవతలాయన మళ్లీ కావిలింత. మనాయన అవతలాయన భుజం మీంచి నన్ను చూసి, నేనన్నదీ అదేగా అన్నారు.”

“అదే అన్నాడా?”

“కెమెరాలు చూశాక అన్నారు.”

“ఇలా తే ఆ కాగితాలు. రాసిందంతా కొట్టేస్తాను. తెలిసి తప్పు చేశాడనుకున్నాను. ఆ మాత్రం కూడా లేదన్నమాట. ఈ దేశపు విదేశాంగ విధానం దుబాసీల గాజుగదిలో కూర్చున్న మా మరదలిది అని రాస్తాను.”

“రాస్తే లోపల రికార్డయిన టేపు తీసి వింటారు. ఇప్పటిదాకా ఎవరూ తియ్యలేదు. వింటే నా ఉద్యోగం పోతుంది, ఆ గేట్లు మళ్లీ దిగుతాయి.”

“నిజం నిజమే. మీ అక్క తప్పు చేసినా రాసేవాణ్ణి.”

“రాశారుగా. పచ్చరంగు మీద ఓ కాలమ్ మొత్తం. అక్క దాన్ని అదే గోడకి అంటించింది. ఒకసారి ఆ టీవీ చూడండి.”

“చూడను.”

“మీ పెళ్లికి ముందు మూసిన వంతెన అది. ఎవరో ముసలావిడ, పొద్దుట్నుంచి అటూ ఇటూ తిరుగుతోంది, వచ్చిన ప్రతివాడి మొహంలోకి తొంగి చూస్తూ.”

“నన్ను మెత్తబెట్టకు.”

“మెత్తబెట్టట్లేదు. ఉన్నది చెబుతున్నాను. ఆ, దొరికాడు. తమ్ముడనుకుంటా. చెంప ఛెళ్లుమనిపించింది. ఇప్పుడు అదే చెంప నిమురుతోంది.”

“ఏది?”

“చూడనన్నారుగా.”

“కాస్త పక్కకి జరుగు.”

“జరిగాను.”

“మీ అక్క కూడా కొట్టేసి నిమిరే రకమే. ఆస్పత్రిలో ఆఖర్న ఇంటికెళ్లిపోదామా అంది. డాక్టరు వల్లకాదన్నాడు. నేను చూద్దాం అన్నాను.”

“నాకు తెలీదా? నన్ను పిలిచి తల దువ్వమంది. సంచి సర్దించింది. మీ బావ సరే అన్నారే అంది.”

“తీసుకెళ్లాను.”

“తీసుకెళ్లారు. చూద్దాం అన్నాక ఏ ఒక్కసారైనా చెయ్యకపోయుంటే నాకు ఆ మాటకి ఇంకో అర్థం తెలిసేది.”

“ఆగు, ఫోను. మా సంపాదకుడు. నువ్వు నోరెత్తావంటే ఊరుకోను.”

“ఎత్తను. స్పీకర్లో పెట్టండి, నా ఉద్యోగం పోయేది నేనూ వింటాను.”

“అయ్యా, నమస్కారం. మొదటి పేజీలో మీ చోటు అలాగే ఉంచాను. పేపర్లన్నీ అధ్యక్షుణ్ణి నెత్తికెత్తుకుంటున్నాయి. మీరెలాగూ తిడతారుగా. తిట్టడానికేమైనా దొరికిందా?”

“దొరికింది.”

“పెద్దదేనా?”

“ఇంత పెద్దది నా జన్మలో దొరకలేదు.”

“చెప్పండి చెప్పండి, రాసుకుంటున్నాను. అయ్యా? వినపడుతోందా? అక్కడ ఎవరో ముక్కు చీదుతున్నట్టున్నారు.”

“జలుబు. నాకే.”

“అయితే ఉన్నదేదో చెప్పేయండి, అచ్చుకి వెళ్లాలి. లేదా ఈ ఒక్కసారికి మీరు కూడా మెచ్చేసుకోండి, జనం బిత్తరపోతారు. ‘శభాష్ అధ్యక్షా’ అని శీర్షిక పెట్టేయనా?”

“చూద్దాం.”

“చూద్దాం అంటే ఎలాగండీ? పెట్టమనా, వద్దనా?”

“సరే అన్నారండీ. పెట్టేసుకోండి.”

“ఎవరమ్మా నువ్వు?”

“ఆయన దుబాసీనండీ.”